వాడుక మాటకు పెద్దపీట వేసిన గురజాడ

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం దగ్గర బేరం, లెక్క, వేళాకోళం అన్నీ వాడుక మాటల్లోనే సాగుతాయి. నూరేళ్ల కిందట అటువంటి మాటల్లో పుస్తకం రాస్తే అది సాహిత్యమే కాదనే పండితులుండేవారు. వాడుక భాషలోనూ గొప్ప రచన పుడుతుందని చూపినవారు మన ఉత్తరాంధ్ర బిడ్డ గురజాడ అప్పారావు.

ఆయన 1862లో ఎస్.రాయవరంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. విజయనగరంలో చదివి 1886లో బి.ఎ. పట్టా పొందారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆయనతో కలిసి చదువుకున్నవారే. అప్పారావుగారు మొదట్లో ఇంగ్లీషులో పద్యాలు రాసేవారు. సొంత భాషలో రాయమని కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ సలహా ఇచ్చారు.

ఆ రోజుల్లో కొన్ని కుటుంబాలు డబ్బు పుచ్చుకుని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టేవి. ఈ దురాచారంపై అప్పారావుగారు ‘కన్యాశుల్కం’ నాటకం రాశారు. జనానికి అర్థం కావాలంటే జనం భాషలోనే రాయాలని నమ్మారు. 1892లో ఆ నాటకాన్ని విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది.

అంతటితో ఆయన ఊరుకోలేదు. నాటకాన్ని బాగా పెంచి, దాదాపు కొత్తగా రాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. నేడు అందరూ చదివే కన్యాశుల్కం ఈ రెండోదే. లోపమన్నది లేకుండా కుదిరేదాకా బయటపెట్టనని మొదటిదాన్ని పెట్టెలో దాచి ఉంటే జనం ఆ నాటకాన్ని 1892లో చూసేవారే కాదు. ముందు జనం ముందుంచడం, తర్వాత దిద్దుకోవడం ఆ నాటకానికి మేలే చేసింది. ఆయనే మొదలుపెట్టిన ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ నాటకాలు మాత్రం అసంపూర్తిగా మిగిలిపోయాయి.

1910లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథలో సంగతి మరీ చిన్నది. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్తకు భార్య కనబడదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. ఆ ఉత్తరంతోనే అతనికి బుద్ధి వస్తుంది. ఇంటి ఉత్తరం ఒక్కటి కథకు ప్రాణమైంది.

బడి పుస్తకాల్లో ఏ తెలుగు ఉండాలన్న వివాదంలో 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అప్పారావుగారు అసమ్మతి పత్రం సమర్పించారు. వాడుక భాషకు చోటివ్వాలన్న ఆయన వాదన అప్పట్లో నెగ్గలేదు. 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు. వాడుక భాష గెలుపును ఆయన చూడలేకపోయారు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఆ దారికి రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆయన రోజువారీ రాసుకున్న డైరీలు, మిత్రులకు రాసిన లేఖలు తర్వాత పుస్తకాలుగా వెలువడ్డాయి. అచ్చు కోసం రాయని ఆ కాగితాలను కూడా ఇప్పుడు సాహిత్యంగానే చదువుతున్నారు.