మలుపు నేర్పిన విల్బర్ రైట్

విమానం అనగానే మనకు రైట్ సోదరులు గుర్తొస్తారు. 1903 డిసెంబర్ 17న వాళ్ళు గాలిలోకి లేచారని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. కానీ ఆ రోజు నాలుగుసార్లూ తిన్నగానే ఎగిరారు. విమానాన్ని మలుపు తిప్పి, బయలుదేరిన చోటికే తీసుకురావడానికి అన్నగారు విల్బర్ ఎంత శ్రమపడ్డారో మనలో చాలామందికి తెలియదు.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. హైస్కూలు చదువు ముగిసే వేళకు కుటుంబం ఊరు మారడంతో సర్టిఫికెట్ చేతికి రాలేదు. తర్వాత మంచు మీద హాకీ ఆడుతూ ముఖానికి పెద్ద దెబ్బ తగిలింది. కాలేజీ ఆశ వదులుకుని, క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ ఇంట్లోని పుస్తకాలు చదివారు. 1889లో తల్లి మరణించారు. 1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్‌లో సైకిల్ షాపు పెట్టారు.

సైకిల్ మీద మలుపు తిరిగేటప్పుడు మనం లోపలి వైపుకు వంగుతాం. విమానమూ అలాగే వంగాలని విల్బర్ గ్రహించారు. రెక్కలు సమంగా ఉంటే గాలి ఇచ్చే ఉత్థాపక బలం నేరుగా పైకి ఉండి బరువును మోస్తుంది. విమానం వంగితే ఆ బలమూ వంగుతుంది. అందులో ఒక భాగం బరువును మోస్తుంది, ఇంకో భాగం మలుపు కేంద్రం వైపు లాగుతుంది. మన పుస్తకాల్లోని అభికేంద్ర బలం అదే. విమానాన్ని వంచడానికి రెక్కల చివరలను మెలితిప్పే పద్ధతి కనిపెట్టారు.

అయితే 1901లో గ్లైడర్ మొండికేసింది. పైకి లేచిన రెక్కకు గాలి నిరోధం కూడా పెరిగి అది వెనకబడేది. ఎడమకు వంచితే ముక్కు కుడికి తిరిగేది. సోదరులు నిరాశతో ఇంటికి చేరారు. కానీ మానలేదు. 1902లో తోకకు కదిలే చుక్కాని పెట్టాలని తమ్ముడు చెబితే, దాన్ని రెక్కల తాళ్ళకే కలపాలని విల్బర్ సూచించారు. 1904 సెప్టెంబర్ 20న విల్బర్ తొలిసారి పూర్తి వలయం తిరిగారు.

ఇంకో చిక్కు మిగిలింది. 60 డిగ్రీలు వంగి, ఎత్తు తగ్గకుండా తిరగాలంటే రెక్కలు రెట్టింపు బలం ఇవ్వాలి. లేకపోతే విమానం జారిపోతుంది. అప్పుడు ముక్కు కాస్త దించి వేగం పెంచుకోవాలని 1905లో తెలుసుకున్నారు. ఆ అక్టోబర్ 5న విల్బర్ మైదానం చుట్టూ తిరుగుతూ 39 నిమిషాల్లో 24 మైళ్ళు ఎగిరారు. 1912 మే 30న, 45 ఏళ్ళకే టైఫాయిడ్‌తో కన్నుమూశారు.

ఇంట్లో మొదటగా డిగ్రీ దాకా వచ్చిన మాకు సర్టిఫికెట్ విలువ తెలుసు. అది అక్కరలేదని మేము చెప్పడం లేదు. అది దక్కకపోయినా విల్బర్ చదువు ఆపలేదు, ప్రయోగం తప్పితే ఎందుకు తప్పిందో తెలుసుకునే దాకా వదల్లేదు. తమ్ముళ్ళూ, లెక్క తప్పిన రోజు పుస్తకం మూసేయకండి. ఎక్కడ తప్పిందో ఇంకోసారి చూడండి.