డీజిల్ అంటే నూనె పేరు కాదు, మనిషి పేరు

మొన్న రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోయింది గదా. వాచ్‌మన్ తాత వెళ్ళి జనరేటర్ హ్యాండిల్ నాలుగుసార్లు గిర్రున తిప్పాడు. నల్లపొగ ఒకసారి బుస్సుమంది, తర్వాత డబడబమని ఇంజను అందుకుంది, లైట్లు వెలిగాయి. అప్పుడు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు నన్ను అడిగాడు, డీజిల్ అంటే ఏ భాష మాట అన్నా అని. నాకు తెలియలేదు. ఏదో రసాయనం పేరు అయ్యుంటుందని చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు సైన్స్ సార్‌ను అడిగి, లైబ్రరీలో వెతికి చదివాక సిగ్గేసింది. డీజిల్ ఒక మనిషి పేరు. ఆ తమ్ముడికి చెప్పిన తప్పు సమాధానం దిద్దుకోవడానికే ఈసారి గోడపత్రికలో ఇది రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు రుడాల్ఫ్ డీజిల్. 1858 మార్చి 18న ఫ్రాన్సు దేశంలోని పారిస్‌లో పుట్టాడు. కానీ తల్లిదండ్రులు జర్మనీ వాళ్ళు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చినవాడు, తోలు వస్తువులు చేసి అమ్మేవాడు. పిల్లవాడు ఆ తోలు సరుకును తోపుడుబండి మీద ఇళ్ళకు చేరవేసేవాడు. తీరిక దొరికితే పారిస్‌లోని యంత్రాల మ్యూజియంకు వెళ్ళి పాతకాలపు ఆవిరి బండిని చూస్తూ నిలబడేవాడట.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్లకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్లంతా వెళ్ళిపోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం ఉన్నదంతా వదిలేసి లండన్ చేరింది. అక్కడ తిండికే కష్టం. అందుకని 12 ఏళ్ళ పిల్లవాణ్ణి ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణానికి, బంధువుల ఇంటికి పంపించేశారు. ఆ ఇంటాయన ఒక వృత్తి విద్యా పాఠశాలలో లెక్కల మాస్టారు. పారిస్‌లో జర్మన్ పిల్లవాడు, ఆగ్స్‌బర్గ్‌లో పారిస్ నుంచి వచ్చినవాడు. ఐదో తరగతిలో ట్రంకు పెట్టె పట్టుకొని ఈ హాస్టల్ గేటు దగ్గర దిగిన మొదటి రోజు ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఆయన మాత్రం చదువును పట్టుకున్నాడు. 14 ఏళ్ళకే తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు, నేను ఇంజనీరు అవుతానని. 1873లో ఆ స్కూల్లో మొదటివాడిగా పాసయ్యాడు. తర్వాత స్కాలర్‌షిప్పు వచ్చి మ్యూనిక్‌లోని పాలిటెక్నిక్‌లో చేరాడు.

అక్కడ కార్ల్ ఫాన్ లిండే అనే ప్రొఫెసర్ ఉండేవాడు. మంచు తయారుచేసే యంత్రాలలో పెద్ద పేరున్న మనిషి. ఒకరోజు పాఠంలో ఆయన చెప్పిన లెక్క ఏమిటంటే, ఆవిరి యంత్రం కింద 100 పాళ్ళ వేడి పెడితే పనిగా మారేది 6 నుంచి 10 పాళ్ళే, మిగతాది పొగగొట్టంలోనుంచీ ఆవిరిలోనుంచీ పోతుందని. క్లాసులో అందరూ రాసుకున్నారు. డీజిల్‌కు మాత్రం అది మనసులో గుచ్చుకుంది. ఇంత బొగ్గు ఇట్లా వృథా పోతుందా అని. పరీక్షల సమయానికి టైఫాయిడ్ వచ్చి పడిపోయాడు, ఆలస్యంగా 1880లో పరీక్ష రాసి గొప్ప మార్కులతో బయటికొచ్చాడు. తర్వాత పదేళ్ళు పారిస్‌లోనూ ఆపైన బెర్లిన్‌లోనూ లిండే మంచు యంత్రాల ఉద్యోగం. పెళ్ళి, ముగ్గురు పిల్లలు. అయినా ఆ లెక్క వదల్లేదు.

ఆయన ఆలోచన ఏమిటో తెలుసుకోవాలంటే పీటీ సార్ దగ్గరున్న సైకిలు పంపు తెచ్చుకోండి. గాలి పోయే మూతిని వేలితో మూసి గట్టిగా పది సార్లు కొట్టండి. పంపు కిందిభాగం ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంకా ఇంకా నొక్కితే? అగ్గి పుట్టేంత వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరినీ గాలినీ కలిపి లోపలికి పీల్చుకొని స్పార్కు ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టించాలి. డీజిల్ అనుకున్నది వేరు. సిలిండరులో గాలిని ఒక్కదాన్నే బాగా నొక్కాలి. అది కణకణ వేడెక్కినప్పుడు నూనెను సన్నటి తుంపరగా చల్లాలి. నూనె తనంతట తానే అంటుకుంటుంది. ప్లగ్గు లేదు, రవ్వ లేదు. గాలిని ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుందని ఆయన లెక్క.

1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1893లో వచ్చింది. ఆ ఏడాదే చిన్న పుస్తకం కూడా వేశాడు. దాన్ని చదివి ఇది కుదిరే పని కాదన్న పెద్దవాళ్ళు చాలామంది. నిజం చెప్పాలంటే వాళ్ళ మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఆయన మొదట రాసినంత ఒత్తిడి ఏ ఇనుమూ తట్టుకోలేదు, తర్వాత తగ్గించుకోవలసి వచ్చింది. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రాల ఫ్యాక్టరీ మాత్రం సరే చేసి చూద్దామంది.

1893 ఆగస్టు 10న మొదటి యంత్రానికి నూనె పెట్టారు. ఢామ్మని పేలింది. ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై మనుషుల పక్కనుంచి దూసుకుపోయింది. ఎవరూ చావలేదు, అంతే. మనమైతే ఆ రోజుతో ఇంటికి పోయేవాళ్ళం. డీజిల్ సంతోషపడ్డాడు! ఎందుకంటే పేలిందంటే అంటుకుందన్నమాట, నొక్కిన గాలికే నూనె అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న యంత్రం తనంతట తాను సుమారు ఒక నిమిషం తిరిగింది. ఒక్క నిమిషం! దాని తర్వాత ఇంకా మూడేళ్ళు పట్టింది. నూనె సరిగ్గా చల్లడం కుదరక, తొడుగులు కారిపోక ఉండక, ఎన్నిసార్లు విప్పి బిగించారో. చివరికి 1897లో ష్రోటర్ అనే ప్రొఫెసర్ వచ్చి అందరి ఎదుట కొలిచాడు. 100 పాళ్ళ వేడిలో 26 పాళ్ళు పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాల కంటే రెండింతలకు మించి. ఆనాటి మొదటి యంత్రాలలో ఒకటి మ్యూనిక్ మ్యూజియంలో ఉంది.

ఇప్పుడు నూనె సంగతి. సార్ చెప్పిన ముడినూనె పాఠం గుర్తుందా? భూమిలోనుంచి తీసిన ముడినూనె ఒక్క పదార్థం కాదు, కార్బనూ హైడ్రోజనూ కలిసిన వందల రకాల గొలుసుల కలగలుపు. దాన్ని కాచి ఎత్తయిన గోపురంలోకి పంపిస్తే చిన్న గొలుసులు తేలికగా ఆవిరై పైకి పోతాయి, పెద్దవి కిందనే ఆగుతాయి. పైన గ్యాసు, తర్వాత పెట్రోలు, తర్వాత కిరోసిన్, దాని కింద ఇంకొంచెం చిక్కటి నూనె, అడుగున తారు. ప్లాస్టిక్ బక్కెట్లకు ముడిసరుకు కూడా పెట్రోలు పక్కనుండే నాఫ్తానుంచే ఎక్కువ వస్తుంది. మన విశాఖపట్నంలో 1957లో మొదలైన రిఫైనరీ చేసే పని ఇదే. కిరోసిన్ దీపాలకు పోయేది. దాని కింద వచ్చే చిక్కటి నూనెకు ఆ రోజుల్లో గిరాకీ తక్కువ. డీజిల్ గారి యంత్రం దాన్ని హాయిగా తాగింది. అందుకే తర్వాత ఆ నూనెకే ఆయన పేరు స్థిరపడిపోయింది.

కొందరు మొదటి డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందని రాస్తారు. అది సరి కాదు. మొదటివి నడిచింది భూమినుంచి తీసిన నూనెలతోనే. వేరుశనగ కథ జరిగింది 1900లో, పారిస్‌లో పెట్టిన పెద్ద ఎగ్జిబిషన్‌లో. అక్కడ ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఫ్రాన్సు ప్రభుత్వమే అట్లా కోరిందట. ఆఫ్రికాలో వాళ్ళ ఏలుబడిలో ఉన్న దేశాల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి. ఇంజను ఎంత మామూలుగా నడిచిందంటే, అందులో వేరే నూనె ఉందని చూసేవాళ్ళలో చాలామందికి తెలియనే లేదు. దీన్ని 1912లో డీజిలే గుర్తుచేసుకున్నాడు. గింజల నూనెలు ఇప్పటికి లెక్కలోకి రాకపోవచ్చు గానీ ముందు ముందు రాతినూనె అంత ముఖ్యమైనవి కావచ్చని కూడా అన్నాడు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చింది ఈ ఘట్టమే.

అదే ఏడాది సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రాలు దాటింది. ఆయన పేరు లోకమంతా తెలుసు. మ్యూనిక్‌లో పెద్ద భవనం. కానీ లోపల సంగతి వేరు. పేటెంటు తగాదాలు, తలనొప్పి జబ్బు, భూముల్లోనూ వాటాల్లోనూ పెట్టిన డబ్బు మునిగిపోవడం. యంత్రంలో వేడి వృథా పోకుండా చూసిన మనిషికి ఇంట్లో డబ్బు పోవడం కనిపించలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు, ఇంగ్లండులో ఒక కంపెనీ మీటింగుకు. స్నేహితులతో భోంచేశాడు. పొద్దున ఆరుంపావుకు లేపమని చెప్పి రాత్రి పది గంటలకు గదిలోకి వెళ్ళాడు. పొద్దున చూస్తే లేడు. పరుపు మీద పడుకున్న గుర్తు లేదు. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవ వాళ్ళకు సముద్రంలో శవం కనిపించింది. జేబులోని కళ్ళద్దాల డబ్బా, చాకు వంటి చిన్న వస్తువులు తీసుకొని శవాన్ని సముద్రానికే వదిలేశారు. ఆ వస్తువులు చూసి కొడుకు యూజెన్ మా నాన్నవే అని గుర్తుపట్టాడు. అప్పుల బాధతో తానే దూకాడని ఎక్కువమంది అంటారు. ఎవరో తోసేశారనే కథలూ ఉన్నాయి, వాటికి సాక్ష్యం లేదు. వయసు 55.

గింజల నూనె మాట అక్కడితో ఆగిపోలేదు. పచ్చి నూనె చిక్కన. చలికాలంలో మన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టదూ, అట్లాగే చిక్కటి నూనె ఇంజను సన్నటి రంధ్రాల్లో సరిగ్గా తుంపర కాదు, మసి పేరుకుంటుంది. నూనె అణువు అంటే ఒక గ్లిసరిన్ కర్రకు వేలాడే మూడు పొడుగు తోకలు. మెథనాలు, కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి కాస్త వెచ్చచేస్తే తోకలు విడిపోతాయి. గ్లిసరిన్ అడుగుకు దిగుతుంది, పైన తేలేది పల్చటి బయోడీజిల్. (మెథనాలు విషం. సార్ లేకుండా ల్యాబులో ఎవరూ చేయొద్దు.) ఇటువంటి పద్ధతికి 1937లోనే బెల్జియంలో పేటెంటు ఇచ్చారు.

ఇక 2003లో జరిగింది వినండి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలం వైపు పవర్‌గూడ అని ఆదివాసీల గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘం కానుగ చెట్లు నాటింది, గింజలు ఆడించే మిల్లు పెట్టుకుంది. కానుగ నూనెను డీజిల్‌కు బదులు వాడితే గాలిలో కలవకుండా మిగిలే బొగ్గుపులుసు వాయువు 147 టన్నులని లెక్క కట్టి ప్రపంచబ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు చెల్లించింది.

మన వంటశాల వెనక ఉన్న మూడూ కానుగ చెట్లే. కాయలు రాలే రోజుల్లో ప్రతి ఆదివారం శ్రమదానంలో ఊడ్చి కుప్పపోసి తగలబెడుతున్నాం. ఈసారి కాల్చకుండా ఒక గోనెసంచి నింపి ఉంచుతామని వార్డెన్ సార్‌ను అడిగాం. సరే అన్నారు. ఆడించి ఎంత నూనె వచ్చిందో కొలిచి వచ్చే సంచికలో రాస్తాను.