రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905 జూలై 5) 19వ శతాబ్దపు సుప్రసిద్ధ భారతీయ ఛాయాచిత్రకారుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ఈయన పేరు హైదరాబాదు, సికిందరాబాదు నగరాల చరిత్రతో ముడిపడి ఉన్నది. రాజులు, రాజప్రతినిధులు, దర్బారులు, వేటల చిత్రాల వలన ఈయనకు ఎక్కువ ప్రసిద్ధి కలిగినప్పటికీ, ఈ కళలో ఈయనకు తొలి గుర్తింపు తెచ్చిన వాటిలో ముఖ్యమైనవి కట్టడాల చిత్రాలు. ఒక భవనాన్ని ఏ దిక్కు నుండి, ఏ పూట, ఏ వెలుగులో చూపితే దాని నిర్మాణం స్పష్టమవుతుందో ఎరిగినవాడుగా ఈయన స్థానం విశిష్టమైనది.

బాల్యము, విద్యాభ్యాసము

దీన్ దయాళ్ 1844లో నేటి ఉత్తర ప్రదేశ్‌లోని మీరట్ సమీపాన గల సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో శిక్షణ ముగించాడు. అటుపిమ్మట ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరాడు. కట్టడాల కొలతలు, ఖర్చుల అంచనాలు, పటాలు ఈయనకు నిత్యకృత్యమైనవి.

భవనాల పటాలు గీసేవారిలో ఒక సంప్రదాయం ఉన్నది. సూర్యుడు ఎడమవైపు పైనుండి 45 డిగ్రీల వాలులో ప్రకాశిస్తున్నట్లు భావించి నీడలు దిద్దుతారు. ఏ భాగం ఎంత ముందుకు వచ్చినదో, ఏ గూడు ఎంత లోతుగా ఉన్నదో ఆ నీడ పొడవు చూసి గ్రహించవచ్చును. కాగితం మీద సూర్యుడు గీసేవాని ఆజ్ఞకు లోబడి ఉంటాడు. కెమెరా చేపట్టినవానికి ఆ సౌకర్యం లేదు. కోరిన నీడ పడే వేళ కొరకు అతడే వేచి ఉండవలెను.

ఛాయాగ్రహణ ప్రవేశము

దీన్ దయాళ్ 1874 ప్రాంతంలో ఛాయాగ్రహణం ఆరంభించాడు. మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఈయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటనకు సంబంధించిన చిత్రాలు తీసే అవకాశం కూడా లభించినది. డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకు ఈయనను వెంట తీసుకొని వెళ్ళాడు. ఆ ప్రాంతపు కోటలు, ఆలయాలు, స్తూపాల చిత్రాలు గ్రిఫిన్ వ్రాసిన వివరణలతో 1886లో "ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా" అను గ్రంథంగా వెలువడినవి.

కట్టడములు - వెలుగు నీడలు

ఈయన పని ప్రారంభించిన కాలంలో తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉండేది. గాజు పలకకు అక్కడికక్కడే రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలెను. దీనికై చీకటి గుడారాన్ని, రసాయనాలను, నీటిని, గాజు పలకలను బండ్లమీద కట్టడం వద్దకు చేర్చవలసి వచ్చేది. 1880ల నుండి పొడి పలకలు విరివిగా లభించడంతో ఈ శ్రమ తగ్గినది కాని, వెలుగు సమస్య తీరలేదు.

ఆ కాలపు పలకలు నీలి కాంతికే ఎక్కువగా స్పందించేవి. అందుచేత ఆకాశం తెల్లగా పడిపోయేది. ఎర్రరాయి ఉన్నదానికంటే నల్లగా కనిపించేది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల ఏటవాలు ఎండ శిల్పాలను చక్కగా ఎత్తి చూపుతుంది. కాని ఆ ఎండలో ఎరుపు పాలు ఎక్కువ, నీలి పాలు తక్కువ కనుక పలక మీద చిత్రం పడడానికి ఎక్కువ సమయం పట్టేది. మధ్యాహ్నపు ఎండ పలకకు కావలసినంత చురుకైనదే అయినా, అప్పుడు చూరుల నీడలు గోడలమీద నిలువుగా దిగి గూళ్ళను, ద్వారాలను కప్పివేస్తాయి. మిగిలిన గోడంతా బల్లపరుపుగా కనిపిస్తుంది. పలకకు తగినంత బలం, శిల్పానికి తగినంత వాలు రెండూ ఉన్న ఎండ ఉదయం కొన్ని గంటలు, మధ్యాహ్నం తిరిగాక కొన్ని గంటలు మాత్రమే దొరికేది.

దిక్కు కూడా అంతే ముఖ్యమైనది. సాంచీ స్తూపపు తోరణాలు నాలుగు దిక్కులకు ఉన్నందున, నాలుగింటినీ ఒకే వేళలో తీయడం సాధ్యపడదు. ఎల్లోరా గుహలు పడమటి ముఖంగా ఉన్నవి కనుక మధ్యాహ్నం తిరిగేవరకు వాటి ముఖభాగం నీడలోనే ఉంటుంది. చార్మినారు విషయం మరింత ఆసక్తికరమైనది. తూర్పు ముఖానికి ఉదయం, పడమటి ముఖానికి సాయంత్రం ఎండ తగులుతుంది. దక్షిణ ముఖం సంవత్సరంలో అధిక భాగం వెలుగులో ఉంటుంది. ఉత్తర ముఖానికి మాత్రం నడి పగటి ఎండ మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకే. సూర్యుడు హైదరాబాదుకు ఉత్తరంగా సంచరించేది అప్పుడే. ఆ రోజులలో సగానికి పైగా వానాకాలపు మబ్బులలో గడిచిపోతాయి. చార్మినారు మీది గచ్చు పని లోతు తక్కువైనది కనుక, ఎండ ఎదురుగా పడితే అది గోడలో కలిసిపోతుంది. ప్రక్కగా పడిన ఎండలోనే లతలు, కమానులు విడివడి కనిపిస్తాయి.

దీన్ దయాళ్ తీసిన కట్టడాల చిత్రాలు అనేకం ఈ నియమాలకు ఉదాహరణలుగా నిలుస్తాయి. ఒక ముఖం వెలుగులోను, దాని ప్రక్క ముఖం నీడలోను ఉండడం వలన భవనపు ఘనపరిమాణం తెలుస్తుంది. పరిమాణాన్ని సూచించడానికి అక్కడక్కడ ఒక మనిషిని నిలబెట్టడం కూడా కనిపిస్తుంది. నెగటివు ఎంత పెద్దదో చిత్రమూ అంతే పెద్దదిగా, అల్బుమిన్ కాగితం మీద మళ్ళీ ఎండలోనే ముద్రించేవారు.

హైదరాబాదులో

1880ల ద్వితీయార్ధంలో దీన్ దయాళ్ ప్రభుత్వోద్యోగం విడిచి సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పాడు. స్థిరమైన జీతాన్ని వదలి ఛాయాగ్రహణాన్నే జీవనోపాధిగా స్వీకరించడం ఆ రోజులలో సాహసమే. నిజాము రాజ్యంలోని చార్మినారు, గోల్కొండ, ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ వంటి కోటలు, ప్రాసాదాలను ఈయన చిత్రించాడు. 1892లో అంతఃపుర స్త్రీల కొరకు ప్రత్యేకముగా జెనానా స్టూడియోను ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో ప్రారంభించాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈయన చిత్రాలు ప్రదర్శింపబడినవి. 1894లో నిజాము ఈయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదు ప్రదానం చేశాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి నుండి రాజ ఛాయాచిత్రకారుడుగా గుర్తింపు పొందాడు.

చివరి దశ

కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ తండ్రి వ్యాపారంలో భాగస్వాములయ్యారు. 1904లో ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న, దీన్ దయాళ్ బొంబాయిలో మరణించాడు. పిమ్మట జ్ఞాన్ చంద్ స్టూడియోను నడిపాడు.

ప్రాముఖ్యత

దీన్ దయాళ్ మరణించిన మూడేళ్ళకు, 1908 సెప్టెంబరులో, మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదులో విస్తారమైన భాగాన్ని తుడిచిపెట్టినది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పాత వీధులను మార్చి క్రొత్త రూపమిచ్చినది. బషీర్‌బాగ్ ప్రాసాదం నేడు లేదు. ఆ పేరు ఒక పేటకు మాత్రం మిగిలినది. అటువంటి భవనాల స్తంభాలు, కమానులు, చూరుల రూపం నేడు తెలుసుకోవడానికి ఈయన గాజు పలకలు ముఖ్యమైన ఆధారాలు. తగని వేళ తీసి ఉంటే నీడలో మునిగిన భాగాన్ని మరల చూసే మార్గం ఎవరికీ ఉండేది కాదు.

నేటి భవన నిర్మాణ రూపశిల్పులు కట్టబోయే భవనాన్ని కంప్యూటరులో చిత్రించేటప్పుడు ఊరు, తేదీ, గంట ఇచ్చి సూర్యుని స్థానం నిర్ణయించుకోగలరు. డ్రాఫ్ట్స్‌మన్‌కు ఉండిన స్వేచ్ఛ వారికి తిరిగి లభించినది. అయితే ఉత్తర ముఖానికి రాని ఎండను చిత్రంలో కురిపించడం నేడు సులభం. అటువంటి చిత్రం భవనాన్ని ఉన్నట్లు చూపదు. అందుచేత ముఖభాగం ఏ దిక్కుకు ఉన్నదో, ఎండ దానిని ఏ పూట తాకుతుందో ముందుగా చూసుకోవడం నేటికీ అవసరమే.

1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను సేకరించి భద్రపరచినది. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసినది.