అంబేద్కర్ ఇచ్చిన ఇంటర్వ్యూ

స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ అనగానే మన హాస్టల్ వాళ్ళకు చేతులు చల్లబడతాయి. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మనమే, ఏమడుగుతారో చెప్పేవారుండరు. అందుకే సిద్దిపేట మిత్రులకు ఈ సంగతి గుర్తుచేస్తున్నాం.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌలో జన్మించారు. బడిలో అందరికీ దూరంగా గోనెపట్టా మీద కూర్చుని చదివారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇస్తే 1912లో బి.ఏ. పాసయ్యారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. ఆ కష్టంలోనే, మహారాజు విద్యార్థులను అమెరికా పంపుతున్నారని తెలిసి బొంబాయిలో ఆయనను కలిశారు. ఏం చదువుతావని అడిగితే సమాజశాస్త్రం, అర్థశాస్త్రం, ముఖ్యంగా ప్రభుత్వ ఆదాయ వ్యయాలు అని తడుముకోకుండా చెప్పారు. ఆ చదువు తన వాళ్ళకు ఎలా పనికొస్తుందో కూడా వివరించారు. తిరిగొచ్చి పదేళ్ళు బరోడాలో పనిచేస్తానని జూన్ 4న ఒప్పందం రాశారు. 1915లో కొలంబియాలో ఎం.ఏ. పూర్తిచేశారు. 1953లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు.

మేము ఇంటర్వ్యూకు జనరల్ నాలెడ్జ్ అంతా బట్టీ పట్టి వెళ్ళాం. ఏం చదువుతారు, ఎందుకు అన్నచోటే ఆగిపోయాం. తమ్ముళ్ళూ, ముందు ఆ రెండింటికి జవాబు రాసుకోండి. జై భీమ్!