చూపు పోయినా లెక్క ఆపని ఆయిలర్

2015లో వచ్చిన బాహుబలి సినిమాలో జలపాతం చూసి ముక్కున వేలేసుకోనివారు లేరు. అందులో చాలా నీరు కంప్యూటర్‌లో పుట్టింది. అలా కంప్యూటర్‌లో నీటిని పారించే లెక్కలకు పునాది వేసిన మహనీయుడు లియొనార్డ్ ఆయిలర్.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జన్మించారు. తండ్రి పాస్టర్. కొడుకూ పాస్టర్ కావాలని ఆయన కోరిక. ఆ ఊళ్ళో జోహాన్ బెర్నూలీ అనే గొప్ప గణిత పండితుడు ఉండేవారు. విడిగా పాఠం చెప్పే తీరిక ఆయనకు లేదు. పుస్తకాలు సొంతంగా చదువుకుని, అర్థం కానివి శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు. ఆయిలర్ వారమంతా కష్టపడి, వీలైనన్ని తక్కువ సందేహాలతో వెళ్ళేవారు. చివరకు బెర్నూలీయే తండ్రికి నచ్చజెప్పి ఆయన్ను గణితం వైపు మళ్ళించారు.

1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. అక్కడే కుడికన్ను చూపు పోయింది. 1741లో బెర్లిన్ వెళ్ళారు. ద్రవాల కదలికపై అక్కడ రాసిన సమీకరణాలు 1757లో అచ్చయ్యాయి.

మన ఐరాల మండలం కాణిపాకం దగ్గర బాహుదా నదికి నీళ్ళొచ్చినప్పుడు గట్టుమీద నిలబడి చూడండి. ఒక్కో బొట్టు వెంట పరుగెత్తలేం. ఒకచోట చూపు నిలిపి, అక్కడ నీరు ఎంత వేగంతో ఏ దిక్కుకు పోతోందో గమనించగలం. ఆయిలర్ సమీకరణాలు నీటిని అలాగే చూస్తాయి. కంప్యూటర్ కూడా నీరుండే చోటును చిన్నచిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడిలో వేగాన్నీ ఒత్తిడినీ క్షణక్షణం లెక్కిస్తుంది. నిండిన గడిలోకి ఎంత నీరు వస్తే అంత నీరు బయటికి పోవాలి. ఈ నియమం తప్పితే తెరమీద నీరు నీరులా ఉండదు. ఆయిలర్ లెక్కలో లేని జిగటను నావియర్ 1822లో, స్టోక్స్ 1845లో చేర్చారు. ఆ సమీకరణాలను కంప్యూటర్ బొమ్మల కోసం వేగంగా, లెక్క చెదరకుండా చేసే పద్ధతిని జాస్ స్టామ్ 1999లో చూపించారు.

1766లో ఆయిలర్ పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చారు. రెండో కంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ జరిగినా చూపు నిలవలేదు. అదే ఏడాది ఇల్లు కాలిపోయింది. అయినా లెక్క ఆపలేదు. మనసులో గుణించి ఇతరులతో రాయించేవారు. బీజగణితం పుస్తకాన్ని దర్జీ పని తెలిసిన ఒక కుర్రవాడితో రాయించారు. రాస్తూ రాస్తూ ఆ కుర్రవాడే బీజగణితం నేర్చుకున్నాడని చెబుతారు. ఆయన రచనలు 800కు పైనే. 1783 సెప్టెంబర్ 18న కన్నుమూశారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ట్యూషన్ లేదని దిగులు పడకండి. వారమంతా సొంతంగా చదవండి, శనివారానికి సందేహాలు రాసి పెట్టుకోండి, మాస్టారిని అడగండి. దర్జీ కుర్రవాడికి అర్థమైన బీజగణితం మనకు అర్థం కాకపోదు.