న్యాయమును నమ్మిన విద్యార్థి

పరీక్షాసమయమున విద్యార్థికి చదువు ఎంత అవసరమో మనోనిబ్బరమును అంత అవసరము. ఎఱిగిన ప్రశ్నకు సమాధానము వ్రాయుటకు చదువు చాలును. ఎఱుగని ప్రశ్న వచ్చినప్పుడు, ప్రక్కనున్న బాలుని పలక కంటికి అందుబాటులో నున్నప్పుడు, చేతిని ఆపుకొనుటకు మఱియొకటి కావలెను. అది శిక్షాభయమని కొందఱు తలంతురు. కాని భయము కాపలా ఉన్నంతసేపే పనిచేయును. పెద్దలు ధర్మముగా నడచుకొందురనియు, తానును అట్లే నడచుకొనవలెననియు నమ్మిన విద్యార్థికి కాపలాతో పనిలేదు. ఆ నమ్మకము చిన్ననాట ఎట్లు నిలుచునో, దానికి దెబ్బ తగిలినప్పుడు మనస్సు ఎంత నొచ్చునో, అయినను దానిని ఎట్లు కాపాడుకొనవచ్చునో మహాత్మా గాంధి జీవితమువలన తెలియును.

మోహనదాసు కరంచంద్ గాంధి 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కాఠియావాడులోని పోరుబందరునందు జన్మించెను. తండ్రి కరంచంద్ గాంధి ఆ సంస్థానమునకు దివాను. ఆయన లంచమెఱుగనివాడు. ఇంటనైనను వెలుపలనైనను పక్షపాతము చూపనివాడని పేరుపొందినవాడు. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠగల ఇల్లాలు. మోహనదాసునకు ఏడేండ్ల ప్రాయమున ఆ కుటుంబము రాజకోటకు చేరెను. బాలుని అచ్చటి పాఠశాలలో చేర్చిరి.

మోహనదాసు చదువులో సామాన్యుడు; మిక్కిలి బిడియస్థుడు. గంట కొట్టువేళకు బడికి చేరుటయు, బడి ముగియగానే ఇంటికి పరుగిడుటయు అతని అలవాటు. ఎవరైన తన్ను పరిహసింతురేమోయని అతనికి భయము. అయినను ఉపాధ్యాయులతోగాని తోడి బాలురతోగాని అబద్ధమాడి యెఱుగడు. ఒకమాఱు నాటకసమాజమువారు ప్రదర్శించిన హరిశ్చంద్ర నాటకమును అతడు చూచెను. ఆ కథ అతని మనస్సును వీడలేదు. హరిశ్చంద్రునివలె అందఱును సత్యవంతులు ఏల కాకూడదని అతడు రాత్రింబవళ్లు తన్ను తాను ప్రశ్నించుకొనుచుండెను.

అతడు ఉన్నత పాఠశాలలో చేరిన మొదటి సంవత్సరమున పరీక్షలు జరుగుచుండగా, విద్యాశాఖ పర్యవేక్షకుడైన జైల్సుదొర తనిఖీకి వచ్చెను. ఆయన ఐదు ఆంగ్లపదములు చెప్పి బాలురను వ్రాయుమనెను. వానిలో ఒకటి కెటిల్. నీళ్లు కాచుకొను కొమ్ముచెంబువంటి పాత్రకు అది పేరు. మోహనదాసు ఆ పదములోని అక్షరములను తప్పుగా వ్రాసెను. ఉపాధ్యాయుడు అది గమనించి, తన బూటు మొనతో బాలుని తాకి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని సైగచేసెను. మోహనదాసునకు ఆ సైగ బోధపడలేదు. పలకలు చూడగా, తక్కిన బాలురందఱును ఐదు పదములను తప్పులేక వ్రాసియుండిరి. తప్పు వ్రాసినవాడు మోహనదాసు ఒక్కడే. పిమ్మట ఉపాధ్యాయుడు అతని తెలివితక్కువతనమును అతనికి తెలియజెప్పబూనెను. ఆ మాటలు బాలుని మనస్సునకు ఎక్కలేదు. చూచివ్రాయు విద్య అతనికి ఎన్నడును పట్టువడలేదు.

ఈ కథ చాలమంది విన్నదే. కాని ఇందు గమనింపదగిన అంశమొకటి కలదు. మోహనదాసు ఉపాధ్యాయుని మాటను ధిక్కరించి చూచివ్రాత మానినవాడు కాడు. బాలురు ఒకరిని చూచి యొకరు వ్రాయకుండుటకే ఉపాధ్యాయుడు అచ్చట నిలిచియున్నాడని అతడు దృఢముగా నమ్మెను. చూచి వ్రాయుమని ఆయనయే సైగచేయునన్న ఊహ అతనికి తోచనే లేదు. పెద్దలయందు గల ఆ నమ్మకమే అతని చేతిని ఆపినది. జరిగినదేమో తెలిసిన పిదపను ఉపాధ్యాయునిపై అతనికి గల గౌరవము తగ్గలేదు. ఆయన చూపిన మార్గమును మాత్రము అతడు అనుసరింపలేదు.

న్యాయమును నమ్మిన బాలునకు అన్నివేళల న్యాయమే జరుగునని చెప్పుటకు వీలులేదు. చిన్న తరగతిలో నున్నప్పుడు మోహనదాసు ఒకమాఱు దెబ్బలు తినెను. దెబ్బల నొప్పి అతనిని అంతగా బాధింపలేదు. తాను ఆ శిక్షకు తగినవాడనని ఉపాధ్యాయుడు తలంచుటయే అతనికి భరింపరానిదయ్యెను. అతడు వెక్కివెక్కి యేడ్చెను.

ఏడవ తరగతిలో అంతకంటె పెద్ద కష్టము వచ్చెను. నాటి ప్రధానోపాధ్యాయుడు దొరాబ్జీ ఎదల్జీ గిమి. ఆయన క్రమశిక్షణకు పేరుపడినవాడు, చక్కగా బోధించువాడు, బాలురకు ఇష్టుడు. పై తరగతులవారికి వ్యాయామమును, క్రికెట్ ఆటను ఆయన తప్పనిసరి చేసెను. మోహనదాసునకు ఆటలయందు రుచి లేదు. పైగా బడి ముగిసినతోడనే ఇంటికేగి, జబ్బుపడియున్న తండ్రికి సేవచేయవలెనని అతని కోరిక. తన్ను వ్యాయామమునుండి తప్పింపుమని వేడుకొనెను గాని గిమి అంగీకరింపలేదు.

ఒక శనివారము బడి ఉదయముననే ముగిసెను. సాయంకాలము నాలుగు గంటలకు వ్యాయామమునకై మరల రావలసియుండెను. మోహనదాసు చెంత గడియారము లేదు. ఆకాశము మబ్బుపట్టియుండుటచే ప్రొద్దు ఎంతైనదో తెలియలేదు. అతడు చేరునప్పటికి బాలురందఱును వెడలిపోయియుండిరి. పిమ్మట గిమి హాజరుపట్టీ చూచి, రాకపోవుటకు కారణమేమని అడిగెను. బాలుడు జరిగినది జరిగినట్లు చెప్పెను. ఆయన నమ్మలేదు. ఒక అణాయో రెండణాలో జరిమానా విధించెను.

దివాను కుమారునకు అణా నష్టము లెక్కలోనిది కాదు. తాను అబద్ధికుడని తీర్పు జరిగినదే యని అతడు కుమిలిపోయెను. నిర్దోషినని చూపుకొనుటకు మార్గము కానరాలేదు. ఎంతయో యేడ్చెను. ఇట్టి సమయమున కొందఱు విద్యార్థులు దారితప్పుదురు. నిజము చెప్పినను నమ్మనివారికి నిజమెందులకని తలపోయుదురు. తమకు జరిగిన అన్యాయమును, తాము చేయబోవు మోసమునకు అనుమతిగా భావింతురు. మోహనదాసు అట్లు భావింపలేదు. సత్యము పలుకువాడు జాగ్రత్తగలవాడై కూడ ఉండవలెనని అతడు నిశ్చయించుకొనెను. బడిలో అతడు ఏమరుపాటున నుండుట అదియే మొదలు, అదియే తుది. కడకు ఆ జరిమానా రద్దయినట్లు ఆయనకు పెద్దతనమున లీలగా జ్ఞాపకముండెను. తండ్రియే జాబు వ్రాయుటచే వ్యాయామమునుండియు అతనికి విడుదల కలిగెను.

మోహనదాసు ఎన్నడును తప్పుచేయని బాలుడని తలంపరాదు. పదునైదేండ్ల వయస్సున అతడొక దొంగతనము చేసెను. అన్నకు ఇంచుమించు 25 రూపాయల అప్పుండెను. దానిని తీర్చుటకై అన్న చేతి కడియమునుండి కొంత బంగారమును తీసెను. అప్పు తీఱినది, మనస్సు మాత్రము కుదుటపడలేదు. ఎవరును కనుగొనలేదు, ఎవరును అడుగలేదు. అయినను అతడు సహింపలేక, చేసిన తప్పును కాగితముపై వ్రాసి, మంచముపట్టియున్న తండ్రి చేతికిచ్చెను. తగిన శిక్ష విధింపుమనియు, తన తప్పునకై తండ్రి తన్ను తాను బాధించుకొనవలదనియు అందు వేడుకొనెను. ఇక దొంగిలననియు మాట యిచ్చెను. తండ్రి లేచి కూర్చుండి చదివెను. కన్నీరు చెంపలమీదుగా జాఱి కాగితమును తడిపెను. కొంతసేపు కన్నులు మూసికొని, పిమ్మట ఆ కాగితమును చింపి, మరల పరుండెను. తండ్రి కోపగించునని భయపడిన బాలునకు ఆ మౌనమే శిక్షయు క్షమయు అయ్యెను. దొంగసొమ్ముతో రాని నెమ్మది తప్పు ఒప్పుకొనుటచే వచ్చెను. 1885వ సంవత్సరమున ఆ తండ్రి మరణించెను.

ఐదవ, ఆఱవ తరగతులలో మోహనదాసునకు నెలకు నాలుగు రూపాయలును, పది రూపాయలును విద్యార్థివేతనములు లభించెను. అది తన ప్రతిభయేయని అతడు గర్వింపలేదు. ఆ వేతనములు కాఠియావాడులోని సోరఠు ప్రాంతపు బాలురకు ప్రత్యేకింపబడినవి. నలుబది, ఏబదిమంది గల తరగతిలో ఆ ప్రాంతపు బాలురు కొలదిమందియే. కనుక తనకు అవి అదృష్టవశమున దక్కినవని ఆయన తన ఆత్మకథలో దాచకుండ వ్రాసెను. తనకు నష్టము కలిగినప్పుడు న్యాయమును తలంచువారు పలువురు గలరు. లాభము కలిగినప్పుడును తలంచుట అరుదు.

1887వ సంవత్సరమున మోహనదాసు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణుడయ్యెను. 1888 సెప్టెంబరు 4వ తేదీన న్యాయశాస్త్రాభ్యాసమునకై ఇంగ్లండునకు ఓడనెక్కెను. లండనులో మఱియొక మెట్రిక్యులేషను పరీక్షకును కూర్చుండెను. మొదటిమాఱు లాటిను భాషలో తప్పెను. చిన్నబుచ్చుకొన్నను విడువక చదివి, రెండవమాఱు నెగ్గెను.

బారిష్టరు పరీక్షల తీరు వేఱు. వానికి గ్రంథములు నిర్ణయింపబడియుండెను గాని వానిని చదువువారు దాదాపు లేరు. రోమను న్యాయమును రెండువారములలోను, ఇంగ్లండు సామాన్య న్యాయమును రెండుమూడు నెలలలోను సంగ్రహపు నోట్సులు బట్టీపట్టి విద్యార్థులు గట్టెక్కుచుండిరి. ప్రశ్నలు సులభములు, పరీక్షకులు ఉదారులు. రోమను న్యాయపరీక్షలో నూటికి 95 మొదలు 99 మంది వఱకును ఉత్తీర్ణులగుచుండిరి. ఈ దారిలో నడచుటకు ఎవరి అభ్యంతరమును లేదు. మోహనదాసు మాత్రము నిర్ణీతగ్రంథములను చదువక పరీక్ష నెగ్గుట మోసమని తలంచెను. వానికై ధనము వెచ్చించి కొని, రోమను న్యాయమును లాటిను భాషయందే చదివెను. సామాన్య న్యాయగ్రంథములకు తొమ్మిది నెలలు శ్రమించెను. 1891 జూను 10వ తేదీన ఆయన బారిష్టరయ్యెను. ఆ శ్రమ వృథాకాలేదు. దక్షిణాఫ్రికాలో రోమను న్యాయము మూలముగాగల చట్టము అమలులో నుండుటచే, నాటి చదువు అచ్చట వకీలుగా ఆయనకు మిక్కిలి తోడ్పడెను.

ఆ దేశముననే ఆయన ఉపాధ్యాయుడును అయ్యెను. అచ్చటి భారతీయుల సత్యాగ్రహము జరుగుచుండగా, 1910వ సంవత్సరమున ఆయన మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ జొహానెస్‌బర్గు నగరమునకు 21 మైళ్ల దూరమున 1,100 ఎకరముల భూమిని సత్యాగ్రహుల కుటుంబములకు విడిచెను. అదియే టాల్‌స్టాయి క్షేత్రము. గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తర హిందూస్థానమువారు అచ్చట కలసి నివసించిరి. వారి పిల్లలకు గాంధీజీ చదువు చెప్పెను. ఉపాధ్యాయులు చేయని పనిని పిల్లలకు చెప్పరాదని అచ్చటి నియమము. గుంటలు త్రవ్వుట, చెట్లు నఱకుట, బరువులు మోయుట మున్నగు పనులలో ఎవరో యొక ఉపాధ్యాయుడు పిల్లలతోబాటు పాల్గొనుచుండెను.

ఆ పిల్లలలో పదునేడేండ్ల బాలుడొకడు మొండివాడు, కలహప్రియుడు, అబద్ధములాడువాడు. ఒకనాడు వాడు మిక్కిలి అల్లరి చేయగా, ఎంత చెప్పినను వినకపోగా, గాంధీజీ రూళ్లకఱ్ఱతో వాని చేతిపై కొట్టెను. కొట్టుచు తానే వణకెను. బాలుడు ఏడ్చి క్షమింపుమని వేడుకొనెను. అటుపిమ్మట వాడు మాట మీఱలేదు. అయినను ఆ దెబ్బ సరియైనదని గాంధీజీ తలంపలేదు. చిన్ననాట తాను తిన్న దెబ్బలకు ఏడ్చినవాడు, తాను కొట్టిన దెబ్బకు జీవితాంతము పశ్చాత్తాపపడెను.

1913వ సంవత్సరమున ఆయన జొహానెస్‌బర్గులో నుండగా, ఫీనిక్సు ఆశ్రమమున ఇద్దఱు నీతితప్పిరని వార్త వచ్చెను. ఆయన ఆనాడే రైలెక్కెను. శిష్యుల తప్పునకు కొంతవఱకైనను గురువు బాధ్యుడని దారిలో నిశ్చయించుకొనెను. ఏడుదినములు ఉపవసించి, పిమ్మట నాలుగున్నర నెలలు దినమున కొక్కపూటయే భుజించెను. గురువు తమను నిందింపక తానే శిక్ష ననుభవించుట చూచి ఆశ్రమవాసులందఱు బాధపడిరి. తప్పు ఎంత భయంకరమైనదో వారు గ్రహించిరి. ఆయనకును పిల్లలకును గల అనుబంధము మఱింత గట్టిపడెను.

1948 జనవరి 30వ తేదీన గాంధీజీ అసువులు బాసెను. ఆయన చదివిన రాజకోట పాఠశాల 2017వ సంవత్సరమున మూయబడి, మఱుసటి యేట ఆయన జీవితమును చూపు ప్రదర్శనశాలగా మాఱినది. అందు చదివిన బాలురలో ఆ ఐదు పదములను తప్పులేక వ్రాసినవారి పేరులు ఎవరికిని జ్ఞాపకము లేవు. ఉపాధ్యాయుడు న్యాయముగా నడచుకొన్న తరగతిలో విద్యార్థి మనస్సు నెమ్మదిగా నుండును. చూచి వ్రాయవలెనన్న తలంపు అచ్చట అంత సులభముగా పుట్టదు. ఒకవేళ పెద్దలే పొరబడినను, నమ్మకపోయినను, ఆ పొరబాటును తన మోసమునకు సాకుగా చేసికొనక నిలుచుట విద్యార్థి చేతిలోనిదే. మోహనదాసు తన పలకమీది తప్పును తప్పుగానే ఉంచుకొని, ఆ పనినే చేసెను.