గణితము చదివిన వైద్యుడు

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినములలో మన ఇండ్లయందు ఒకే తర్జనభర్జన వినవచ్చుచుండును. పిల్లవానిని జీవశాస్త్రమున చేర్పింతుమా, గణితమున చేర్పింతుమా? వైద్యుడు కాగోరువాడు గణితము మాట తలపెట్టరాదట. గణితము పట్టినవాడు వైద్యకళాశాల గడప త్రొక్కరాదట. పదునైదేండ్ల బాలురకు ఇట్టి ఆన పెట్టు పెద్దలు డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ గారి విద్యార్థిదశ నొక్కమారు పరిశీలింపవలసియున్నది. ఆయన జన్మదినమగు జూలై 1వ తేదీని మన దేశమున వైద్యుల దినముగా జరుపుచున్నారు గాని, ఆయన ఏ శాస్త్రమున పట్టభద్రుడయ్యెనో విచారించినవారు అరుదు.

1882లో పాట్నా చెంత బంకిపూరున రాయ్ గారు జన్మించిరి. తండ్రి ప్రకాశచంద్రుడు ఎక్సైజు శాఖోద్యోగి. తల్లి అఘోరకామినీ దేవి. బిధానుని పదునాలుగవ యేట నామె కాలధర్మము నొందెను. పిదప ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో కొంతకాలము చదివి, పాట్నా కళాశాలనుండి బి.ఏ. పట్టము పొందెను. ఆనర్సు విషయము గణితము. వైద్యమునకై చేసిన సన్నాహ మిందేమియు గానరాదు. 1901లో ఆయన బెంగాలు ఇంజనీరింగు కళాశాలకును, కలకత్తా వైద్యకళాశాలకును దరఖాస్తులు పంపెను. వైద్యకళాశాల అనుమతి ముందుగా వచ్చుటచే అందు చేరెనని చెప్పుదురు. భారతదేశపు సుప్రసిద్ధ వైద్యునికి ఆ వృత్తి చిననాటి సంకల్పము కాదు, తపాలా బంట్రోతు తెచ్చియిచ్చినది!

చేరిన పిమ్మట పడిన కష్టము మాత్రము యాదృచ్ఛికము గాదు. తండ్రి ఉద్యోగము విరమించి ధనము పంపజాలకపోయెను. విద్యార్థివేతనము చాలక, బిధానుడు సంపన్నుల ఇండ్లలో రోగులకు పరిచర్య చేసి నాలుగు రూకలు గడించుచు, పుస్తకములు కొనక ఎరువు దెచ్చుకొని చదివెను. తుది పరీక్షకు ముందు మరియొక విపత్తు వాటిల్లెను. ప్రసూతిశాస్త్రాచార్యుని బండి ట్రాముబండితో ఢీకొనెను. తప్పు ట్రాముదేయని సాక్ష్యమిమ్మని ఆచార్యుడు కోరగా, కన్నులార చూచినది వేరుగా చెప్పజాలనని శిష్యుడు నిరాకరించెను. ఎం.బి. మౌఖికపరీక్షలో ఆ ఆచార్యుడే పరీక్షకుడు, ఫలితము ఊహింపదగినదే. బిధానుడు తప్పెను. అనంతరము ఎల్.ఎం.ఎస్. నెగ్గి, 1908లో ఎం.డి. పట్టమందెను.

మరుసటి యేడు సుమారు 1200 రూప్యములతో లండనుకేగి, సెయింటు బార్తలోమ్యూ వైద్యశాలలో ప్రవేశము కోరెను. ఆసియావాసిని చేర్చుకొనుటకు అచటి అధిపతి సమ్మతింపలేదు. మరల మరల, ముప్పదిమారులు, దరఖాస్తు పెట్టి తలుపు తెరిపించెను. రెండేండ్ల మూడు నెలలలో, అనగా 1911 నాటికి, ఎం.ఆర్.సి.పి., ఎఫ్.ఆర్.సి.ఎస్. రెండును గడించి స్వదేశమునకు మరలెను.

దీనినిబట్టి జీవశాస్త్రము వ్యర్థమని మేము చెప్పుటలేదు. నాటి కళాశాల శరీరనిర్మాణ శాస్త్రమును మొదటినుండి నేర్పెడిది. నేటి ప్రవేశపరీక్షయందు జీవశాస్త్రమే సగము పాలు. కాని పదునైదేండ్లకు ఎన్నుకొన్నదే బ్రదుకంతయు శాసించుట న్యాయమా? ఈ విషయమున 2023లో కొంత సడలింపు కలిగినది. పండ్రెండవ తరగతి ముగిసిన పిమ్మట జీవశాస్త్రము నదనముగా చదివినవారును ప్రవేశపరీక్షకు అర్హులని జాతీయ వైద్యమండలి ప్రకటించెను. ఇంతకాలమేల పట్టెనో మాకు బోధపడదు. ఆ ప్రకటన మన పల్లెలలోని తల్లిదండ్రుల చెవిని పడినదా యనునది వేరు ప్రశ్న.

ఇంజనీరింగు విద్య రాయ్ గారిని పూర్తిగా విడిచిపోలేదని మా యూహ. 1948 జనవరిలో ఆయన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రియై, 1962లో తన యెనుబదవ జన్మదినమున కన్నుమూయువరకు ఆ పదవియందుండెను. దుర్గాపురపు ఉక్కు కర్మాగారము, కల్యాణీ పట్టణము ఆ కాలమున వెలసినవే. లెక్కలు, నక్షాలు, ఖర్చుల అంచనాలు ఆయన బల్లపై నిండియుండిన ఆ దినములలో సైతము, ప్రాతఃకాలమున కొంతసేపు తన యింట బీదరోగులను ఉచితముగా పరీక్షించుట మానలేదు. ఆ యింటిని పిదప తల్లి పేర వైద్యాలయమునకై దానమిచ్చెను.